బర్రె తాగిన బలం మందు

మా ఇంట్లోకి ఒక పత్రిక రాకూడదని మా నాయన కట్టడి చేశాడు. చదవడానికే కాదు, శొంఠి చుట్టిన పొట్లంగా కూడా అది మా గడప దాటకూడదు. అది హైదరాబాదులో అచ్చయి, కోరుట్లకు ఆలస్యంగా చేరే తెలుగు వారపత్రిక. నేను పుట్టకముందే మూతపడింది. అయినా పాత ప్రతులు దుకాణాల్లో కట్టలుగా మిగిలిపోవడంతో వాటిలో చాలా ఏళ్ళపాటు సరుకు చుట్టేవారు. బజారు నుంచి ఏ పొట్లం వచ్చినా నాయన ముందు కాగితాన్ని చూసేవాడు, ఆ తర్వాతే సరుకును. ఆ పత్రికదైతే పొట్లం వచ్చిన దారినే తిరిగి పోవాలి. నాయన ఇంట్లో లేనప్పుడు అమ్మ బెల్లాన్ని గిన్నెలోకి తీసుకొని, కాగితాన్ని వాకిట్లోనే పొయ్యికి పెట్టేది. అది కూడా కట్టడిని పాటించడమే అని ఆమె లెక్క.

కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పత్రిక మా తాతను ఊరందరి ముందు నవ్వులపాలు చేసింది. వారం వారం ఆయన మీద జోకులు వేసింది.

మాది కోరుట్ల. ఇప్పుడు నేను జగిత్యాలలో రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉంటున్నాను. ఎవరు అడిగినా కోరుట్ల అనే చెబుతాను. అక్కడ మా ఇల్లున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు, రెడీమేడ్ బట్టలు అమ్మే దుకాణాల వరుస ఉంది. నేను ఆ దుకాణాల్లో ఏమీ కొనను. మా దర్వాజా ఉన్న చోట నిలబడి బేరం చేయడం నాకు చేతకాదు.

తాత పటేలు. వైద్యుడు కాడు. రుద్రంగి వైపు అడవిలో మూలికలు తెలిసిన ఒకాయన దగ్గర బలం మందు చేయడం నేర్చుకున్నాడట. అశ్వగంధ, పిప్పళ్ళు, శొంఠి, పాత బెల్లం, ఇంకా ఆయన ఎవరికీ పేరు చెప్పని రెండు రకాల వేళ్ళు వేసి పెద్ద కుండల్లో పులియబెట్టేవాడు. వడకట్టి నల్ల సీసాల్లో పోయించేవాడు. లేబుల్ మీద సంస్కృతంలో గొప్ప పేరే ఉండేది కానీ ఊళ్ళో అందరూ దాన్ని నల్ల సీస అనేవారు. పోస్టులో కూడా పంపేవాడు. భూములున్న పటేలుకు మందు అమ్ముకునే కర్మ ఏమిటని చుట్టాలు అడిగితే, భూమి పంటకొకసారి డబ్బు ఇస్తుంది, మనిషికి నీరసం రోజూ వస్తుంది అన్నాడట.

నాయన అప్పుడు బడికి పోయే పిల్లవాడు. పత్రికలో జోకు పడిన ప్రతిసారీ మర్నాడు బడిలో ఆయనకు అగ్నిపరీక్షే. పరుగు పందెంలో వెనుకబడితే "నల్ల సీస తాగి రాలేదార పటేలా" అనేవారట. ముందు వస్తే "తాగి అచ్చిండు" అనేవారట. ఆ పత్రిక మీద దావా వేయమని తండ్రిని అడిగాడు. తాత నవ్వి ఊరుకున్నాడు. తండ్రికి పౌరుషం లేకపోతే తానైనా పౌరుషం చూపాలనుకున్నాడు నాయన. అప్పుడు పెట్టిన కట్టడిని చనిపోయేదాకా తప్పలేదు. ఆయన తర్వాత నేనూ తప్పలేదు.

కోరుట్ల బజారులో ఒక మూలికల దుకాణం ఉంది. తాత మందు మొదట అమ్మింది వాళ్ళే. నాయన కట్టడి వాళ్ళకు తెలుసు కాబట్టి మా ఇంటికి వచ్చే శొంఠి, కరక్కాయ, వాము అన్నీ ఉర్దూ పేపరులో చుట్టి ఇచ్చేవారు. చిన్నప్పుడు నేను ఆ అక్షరాలను మందుల భాష అనుకునేదాన్ని. కషాయం చేదును బట్టి ఆ వంకర గీతల్లో ఏముందో ఊహించేదాన్ని.

ఇప్పుడు ఆ దుకాణం నడుపుతున్నది అప్పటి యజమాని కొడుకు. నాకంటే పెద్దవాడు, గడ్డం పూర్తిగా తెల్లబడింది. మొన్నటి ఎండాకాలం రోడ్డు వెడల్పు చేయడానికి వాళ్ళ దుకాణం ముందు భాగం కొట్టేశారు. అప్పుడాయన నాకు ఫోన్ చేశాడు.

"దొరసానమ్మా, మీ తాత దొరికిండు. అచ్చి చూసుకోన్రి."

"ఎక్కడ దొరికిండు భాయ్‌సాబ్?"

"మా అటుక మీద. గన్ని ఏండ్లు గొంగడి కప్పుకొని పండుకున్నడు."

బస్సెక్కి వెళ్ళాను. కొత్తగా కట్టిన గోడకు ఇంకా సున్నం వాసన పోలేదు. బల్ల మీద పరిచిన పాత దుప్పటిలో ఆ పత్రిక పేజీలు మూడు ఉన్నాయి. అటుక మీది కట్టలో మిగతావన్నీ చెదలు తినేశాయట. అంచులు పొడి రాలుతున్నాయి కానీ అచ్చు మాత్రం నల్లగా, నిన్న వేసినట్టే ఉంది. నేను వాటిని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకొని చదివాను.

ముందు ప్రకటన చదివాను. ప్రతి పేజీ కింది భాగంలో గళ్ళ అంచు మధ్య ఇలా ఉంది: "నిస్సత్తువా? నీరసమా? మెట్లెక్కిన ఆయాసమా? ఆకలి లేదా? ఆకలి ఉన్నను అరగదా? వృద్ధులకు యౌవనము, యువకులకు వృద్ధుల వివేకము నొసంగు ఏకైక దివ్యౌషధము. ఒక్క సీసాతో గుణము కనిపించును. రెండవ సీసాతో ఇరుగుపొరుగువారికి కూడ కనిపించును. నకిలీలను చూచి మోసపోకుడు. ఏజెంట్లు కావలెను." చివర తాత పేరు, ఊరు. తాత పేరును అచ్చులో చూడటం నాకు అదే మొదటిసారి. ఆ పేరు ముందు పెట్టిన బిరుదులు చదువుతుంటే నా వీపు దానంతటదే నిటారైంది.

ప్రకటనకు సరిగ్గా పైన "చమత్కారములు" అనే శీర్షిక. ఒక్కో పేజీలో ఒక్కో జోకు. మొదటిది ఇది.

"పోలీసు: దొంగలు ఎత్తుకొనిపోయిన ఇనుప పెట్టె ఎంత బరువు?
పటేలు: నలుగురు మోయవలసినది.
పోలీసు: అట్లయిన నలుగురు దొంగలు వచ్చినారు.
పటేలు భార్య: కాదు, ఒక్కడే. మందు సీసా ఖాళీగా ఉన్నది."

దుకాణం పెద్దాయన వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి, చివరి మాట దగ్గర కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. అంతకు ముందే చాలాసార్లు చదివి ఉంటాడు. అయినా నవ్వాడు.

"గీ మూడు అద్దం కట్టిపిచ్చి కొత్త దుకాణంల పెడ్తనమ్మా. మా అబ్బాజాన్ మీ మందు గీ బల్ల మీదనే అమ్మిండు. కని మీ ఇంటోళ్ళను అడగకుంట పెట్టుడు బాగుండదని పిలిచిన."

"ప్రకటన పెట్టుకోన్రి. దాని పైనున్నయి కోసెయ్యిన్రి."

"ఎట్ల కోస్త? కత్తెర పెడ్తె మొత్తం పొడైతది. పుడియ కట్టి అమ్ముకోవాలె ఇగ."

"అయితె వద్దు."

ఆయన నవ్వు ఆపాడు. వద్దంటే వద్దనే మనిషి ఆయన, బతిమాలడు. దుప్పటి మడతపెట్టబోతూ, "కడమ రెండు చదువలేదు మీరు" అన్నాడు. చదివాను.

"ఉపాధ్యాయుడు: మీ కుమారుడు పలకను రెండు ముక్కలు చేసినాడు.
పటేలు: చూచితిరా, నా మందు మహిమ!
ఉపాధ్యాయుడు: నేనడిగినది రెండు రెళ్ళు ఎంతయని."

నాయన బడిలో ఏం విన్నాడో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. మూడోది బర్రె గురించి.

"భార్య: బర్రె కుడితిలో మీ మందు పోసినాను.
భర్త: భేష్! పాలు పెరిగినవా?
భార్య: పాలేరు చూచి చెప్పవలెను. కాని వాడు తన్ను తిని పొరుగు వాకిట పడినాడు, ఇంకను తిరిగి రాలేదు."

ఇది కల్పించిన జోకు కాదు. మా ఇంట్లో జరిగింది. కుండల అడుగున మిగిలిన మడ్డిని పారబోయడం ఇష్టం లేక మా నాయనమ్మ దాన్ని కుడితిలో కలిపింది. సాయంత్రానికి బర్రె పాలేరును తన్ని, కంచె విరగ్గొట్టింది. అమ్ముకునే మందును పశువుకు పోశారని తెలిస్తే పరువు పోతుందని తాత ఆ మాట బయట ఎత్తవద్దన్నాడు. పాలేరుకు కొత్త ధోవతి పెట్టి నోరు కట్టేశాడు. నాకు ఈ సంగతి మా మేనత్త చెప్పింది కాబట్టి తెలుసు. మరి పత్రికవాళ్ళకు ఎలా తెలిసింది?

మా ఇంట్లోకి చనువుగా వచ్చిపోయే వ్యాపారులు ఆ రోజుల్లో వీళ్ళే.

"భాయ్‌సాబ్, గీ బర్రె ముచ్చట మీ నాయినకు తెల్సా?" అన్నాను. నా గొంతు ఎలా ఉందో నాకే వినబడింది.

ఆయన నన్ను తేరిపార చూశాడు. "మా అబ్బాజాన్ మీద అనుమానమా? ఆయనకు తెలుగు రాయస్తె డబ్బాల మీద పేర్లన్న తెలుగుల రాస్తుండె. ఉర్దూల రాసి పెడ్తె, మా అమ్మ సదువరాక శొంఠి అడిగినోనికి మోడి వేరు కట్టిచ్చేది. గసొంటాయన పత్రికకు జోకులు పంపిండా?"

ఆ మాట నిజమే. నేను పేజీలను ఫోనులో ఫోటో తీసుకొని, చెబుతానని చెప్పి లేచాను. ఎవరో ఇంటి గుట్టు అమ్ముకున్నారు. ఆ మనిషి ఎవరో తెలియకుండా ఈ పేజీలను గోడకెక్కించడానికి ఒప్పుకోలేను. చెప్పగలిగింది మేనత్త ఒక్కతే. ఆమెకు తొంభై దగ్గరపడుతోంది, సిరిసిల్లలో ఉంటుంది. ఇంకో ఎండాకాలం కోసం ఆగడం మంచిది కాదనిపించింది.

సిరిసిల్ల బస్సులో నా పక్కనామె ఫోనులో మోకాళ్ళ నొప్పుల నూనె వీడియో చూస్తోంది. అందులో ఒకడు ఎముకల బొమ్మ చూపించి, ఈ నూనె వాడకపోతే ఆరు నెలల్లో మంచాన పడతారని చెబుతున్నాడు. నకిలీలను చూసి మోసపోవద్దనీ అన్నాడు. ఆ ఒక్క మాట తాత ప్రకటనలోదే. మిగతాదంతా భయపెట్టడం. రుద్రంగి దాటేదాకా అది మళ్ళీ మళ్ళీ మోగింది. ఎక్కడా నవ్వు లేదు. పక్కనామె తన మోకాలిని పట్టుకొని చూసుకుంటోంది.

మేనత్త భర్త సిరిసిల్లలో పంతులుగా చేసి అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆ గల్లీలో మిగతావన్నీ నేతవాళ్ళ ఇళ్ళు. ప్రతి ఇంట్లోనూ కరెంటుతో నడిచే మగ్గాలు, సాంచెలే; పొద్దంతా వాటి చప్పుడే. ఆ చప్పుడులో వినబడాలంటే అరవాలి. అలా అరిచీ అరిచీ మేనత్తకు మామూలు గొంతు ఎప్పుడో పోయింది. తలుపు తీసి నన్ను చూడగానే, "చిక్కిపోయినవేందే బిడ్డా! అన్నం తిన్నవా?" అని గల్లీ చివరికి వినబడేలా అడిగింది.

అన్నం తిన్నాక ఫోటోలు పెద్దవి చేసి, ఆమె చెవి దగ్గర జోకులు చదివాను. బర్రె జోకు సగంలో ఉండగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది ఎవలు బయటపెట్టిన్రత్తా? పాలేరా?" అని అరిచాను.

"ఏంది?"

"ఇంట్ల ముచ్చట పత్రికోళ్ళకు ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేందే!" అని మేనత్త కూడా అరిచింది. "మా నాయినే రాసిండు! తన మీద తనే జోకులు రాసుకొని..."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మేనత్త ఆగలేదు.

"...పైసలిచ్చి అచ్చేపిచ్చిండు!"

గల్లీ అంతా ఆ మాటలు విన్నది. పక్కింటి ఆమె చేతికంటిన నూనె తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవలు పెద్దమ్మా, పైసలిచ్చి నవ్విపిచ్చుకున్నది?"

"మా నాయిన."

"గంత తీరిక ఎట్లుండెనే ఆయినకు?"

"పటేలు కదనే. తీరికకేం తక్కువ!"

"అత్తా" అన్నాను. పరాయివాళ్ళ ముందు అలా మాట్లాడటం మా ఇంట్లో లేదు. మేనత్త నన్ను పట్టించుకోలేదు. కరెంటు లేకపోతే ఆ గల్లీలో ఎవరికీ పని లేదు. మరో ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆమె మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.

తాత సాయంత్రాలు పడక కుర్చీలో కూర్చునేవాడట. నాయనమ్మ బియ్యం చెరుగుతూ ఆయన్నీ, ఆయన మందునూ కలిపి దెప్పేది. ఊరందరికీ బలం పంచే మనిషివి, అటుక మీది బిందె దించమంటే జీతగాణ్ణి పిలుస్తావేం అనేది. తాతకు కోపం వచ్చేది కాదు. "ఏమన్నవ్? మల్ల చెప్పు" అని కాగితం తీసుకునేవాడు. వాటికి పంతుళ్ళ తెలుగు తొడిగి, ప్రకటనతో కలిపి పత్రికకు పంపేవాడు. జోకు ప్రకటనకు పైననే వేయాలని ఒప్పందం. "ప్రకటనను ఎవడు సదువుతడే? నవ్వుకుంట వచ్చినోడే సదువుతడు" అనేవాడట. పరువు మాట సాకేనట; బర్రె ముచ్చట ముందే ఊళ్ళో పాతబడితే పత్రికలో నవ్వు రాదని పాలేరు నోరు కట్టేశాడట.

నేను ఫోను తీసి మళ్ళీ చూశాను. ఎవరైనా పగవాడు రాసి ఉంటే ఆ మందు పనిచేయదని రాసేవాడు. ఈ మూడింటిలోనూ నవ్వు పటేలు మీదే కానీ మందు మాత్రం ప్రతిసారీ పనిచేసింది. దొంగ నలుగురు మోసే బరువు మోశాడు, పిల్లవాడు పలక విరిచాడు, బర్రె పాలేరును పొరుగు వాకిట్లోకి తన్నింది. దుకాణంలో రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని చదివినప్పుడు నాకు ఇది కనబడలేదు.

"పాలు గూడ పెరిగినయి" అంది మేనత్త. "మర్నాడు మా అమ్మనే పిండింది, చెంబు నేనే పట్టుకున్న. చెంబు నిండి పొర్లింది. గది రాయమంటె మా నాయిన రాయలే. రాస్తె బర్రెల మందంటరట, మనుషులు కొనరట."

అరుగు మీద నవ్వులే నవ్వులు. పక్కింటి ఆమె నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకొని అడిగింది: "గా మందు ఇప్పుడు దొర్కుతదా పెద్దమ్మా? మా ఆయిన సాంచె కాడ నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతున్నయంటుండు."

ఆమె వేళాకోళానికి అడగలేదు. ఇద్దరు ఆడవాళ్ళు జవాబు కోసం నా ముఖం వైపు చూశారు. మందు కుండలు ఎప్పుడో పగిలిపోయాయి, పెద్ద కంపెనీల సీసాలు వచ్చాక అది ఆగిపోయిందని చెప్పాను. "అయ్యో" అంది. నిజంగానే అంది. తాత జోకు ఇన్నేళ్ళ తర్వాత నా కళ్ళముందు ఒక గిరాకీని తీసుకొచ్చింది.

కరెంటు వచ్చి వాళ్ళు వెళ్ళిపోయాక నేను మేనత్తను నాయన గురించి అడిగాను. ఆయనకు ఎందుకు చెప్పలేదు?

"చిన్నప్పుడు చెప్తె బడిల చెప్తడని మా నాయిన చెప్పనియ్యలే. పెద్దగైనంక నేనే చెప్దామనుకున్న. పత్రిక పేరెత్తంగనే లేచి పోతుండె." ఆమె ఈసారి అరవలేదు. నేను వంగి వినాల్సి వచ్చింది. "ఇల్లు పాయె, భూములు పాయె. గా పౌరుషం ఒక్కటి పట్టుకొని కూసున్నడు. గది గూడ గుంజుకోమంటవా నన్ను?"

తాత కావాలని నవ్వులపాలయ్యాడు. నాయనను ఎవరూ అడగలేదు. పలక జోకు రాసేటప్పుడు తాత తన కొడుకు ముఖం చూసి ఉంటే బాగుండేది. ఎంత తెలివిగల పనైనా, ఆ ఒక్కటి నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

తిరుగు ప్రయాణంలో కోరుట్లలో దిగి దుకాణానికి వెళ్ళాను.

"రెండు పెట్టుకోన్రి భాయ్‌సాబ్. దొంగది, బర్రెది. పలకది నాకియ్యిన్రి."

"ఎందుకు?"

"గది మా నాయిన మీద."

ఆయనకు అంతకంటే చెప్పనక్కరలేకపోయింది. పేజీని రెండు అట్టల మధ్య పెట్టాడు. తర్వాత ఒక్క క్షణం ఆలోచించి, బల్ల కింద నుంచి ఉర్దూ పేపరు తీసి, అట్టల చుట్టూ చుట్టి, దారం కట్టాడు.

"గిట్లైతె మీ నాయిన ఏమనడు" అన్నాడు.

ఆ పొట్లం ఇప్పుడు జగిత్యాలలో నా పెట్టెలో, నాయన శాలువా కింద ఉంది. విప్పలేదు.

దసరా తర్వాత మోకాళ్ళకు వావిలి నూనె కోసం ఆ దుకాణానికి వెళ్ళాను. రెండు పేజీలూ నల్ల చట్రాల్లో గల్లాపెట్టె పైన, మనిషి కళ్ళకు సమానమైన ఎత్తులో ఉన్నాయి. ఒకటి కాస్త వాలి ఉంటే సరిచేయించాను. అంతలో ఇబ్రహీంపట్నం నుంచి పసుపు అమ్ముకోవడానికి వచ్చిన రైతు ఒకాయన బర్రె జోకు బిగ్గరగా చదివి, తోటి మనిషిని మోచేత్తో పొడిచాడు.

"అరే, మందు తాపితె పాలు పెరుగలేదట, పాలేరు ఎగిరిపోయిండట! ఏం మందుర గిది!"

దుకాణం పెద్దాయన నా వైపు చూశాడు. నేను ఆ రైతు వైపు తిరిగాను.

"పాలు పెరిగినయి" అన్నాను. "చెంబు నిండి పొర్లినయి."

"మీకెట్ల ఎర్కమ్మా?"

"ఆ బర్రె మాదే."

రైతు నవ్వడం మానేసి చట్రం వైపు మళ్ళీ చూశాడు. ఈసారి జోకు కింద ఉన్న ప్రకటనను, మొదటి అక్షరం నుంచి చివర తాత పేరు దాకా, నిదానంగా చదివాడు.